మూలన పడ్డ మోపెడ్‌ను మనమే బాగుచేసుకుందాం



మీ ఇంట్లో పాత మోపెడ్ ఉందా? పశువుల పాకలోనో, గడ్డివాము పక్కనో పడి ఉందా? దాని మీద గోనె సంచులు ఆరేస్తున్నారా? అయితే ఈ పాఠం మీ కోసమే.

ముందు మా పక్కింటి అత్త సంగతి చెబుతాను.

అత్తకు రెండు గేదెలు. రోజూ పొద్దున్నే పెరుగు తీసుకుని టౌనుకు పోతుంది. ఐదు కిలోమీటర్లు. పోయేటప్పుడు ఆటో. వచ్చేటప్పుడు నడక. పెరుగు మీద వచ్చే లాభంలో సగం ఆటోకే పోతుంది. మామ చనిపోయి నాలుగేళ్ళు అయింది. మామ నడిపిన టీవీఎస్ మోపెడ్ పాకలోనే ఉంది. రాత్రిళ్ళు దాని మీద కోళ్ళు పడుకుంటాయి.

ఒకరోజు పాత ఇనుము కొనే అతను వచ్చాడు. బండిని చూశాడు. "1200 ఇస్తా, ఇచ్చెయ్ అమ్మా" అన్నాడు.

అత్త నా దగ్గరికి వచ్చింది. "ఏమ్మాయ్, ఇచ్చేయనా? ఉంచుకుని ఏం చేసుకోను?" అంది.

మా నాన్న మెకానిక్. చిన్నప్పుడు షెడ్డులో ఆయనకు పానాలు అందించేదాన్ని. అలా కొంత పని నాకూ వచ్చింది. "నాలుగు ఆదివారాలు ఆగత్తా. చూసి చెబుతాను" అన్నాను.

ఆ నాలుగు ఆదివారాలు మేం ఏం చేశామో ఇప్పుడు చదవండి.

ఈ బండి ఎలాంటిది?

మన దేశంలో లూనా మోపెడ్ 1972లో వచ్చింది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో వచ్చింది. తమిళనాడులోని హోసూరులో దాన్ని తయారుచేశారు. గేర్లు లేవు. బరువు తక్కువ. పాలక్యాను, గడ్డిమోపు, ఎరువు బస్తా అన్నీ మోస్తుంది. అందుకే పల్లెల్లో ఇది ఇంటింటి బండి అయింది.

పాత మోపెడ్లు 'టూ స్ట్రోక్' బండ్లు. అంటే పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. తర్వాత 'ఫోర్ స్ట్రోక్' మోపెడ్లు వచ్చాయి. వాటిలో ఇంజను నూనె వేరే పోస్తారు. పెట్రోలులో కలపకూడదు. మీ బండి ఏదో ముందు తెలుసుకోండి. ఈ పాఠం పాత టూ స్ట్రోక్ బండి గురించి.

ముందు కాగితాలు

పానా పట్టుకోక ముందు కాగితాలు చూడాలి. బండి బాగయినా, కాగితాలు లేకపోతే రోడ్డు ఎక్కలేం.

ఆర్.సి. పుస్తకం గాని, కార్డు గాని తీయండి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. మూడు సంగతులు చూడండి.

ఒకటి: బండి ఎవరి పేరు మీద ఉంది? ఆ మనిషి చనిపోతే ఆర్.టి.ఎ. ఆఫీసులో పేరు మార్పించుకోవాలి.

రెండు: ఎప్పటి వరకు చెల్లుతుంది? సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత ఆఫీసులో బండిని చూపించి, ఫీజు కట్టి, మళ్ళీ 5 ఏళ్ళకు పొడిగించుకోవాలి.

మూడు: ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న నంబర్లతో కలుస్తున్నాయా? గుడ్డతో తుడిచి, ఒక్కో అంకె సరిచూడండి.

ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు కూడా కావాలి. నడిపే మనిషికి లైసెన్సు ఉండాలి.

ఇంకో మాట. పాత ఇనుముకు అమ్మినా కాగితాల పని పూర్తి చేయాలి. లేకపోతే బండి మన పేరు మీదే ఉంటుంది. రేపు దానితో ఎవరు ఏం చేసినా పోలీసులు మన ఇంటికే వస్తారు.

అత్త ఆర్.సి. ట్రంకు పెట్టెలో దొరికింది. మామ పేరును అత్తే చదివింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నంబరు నువ్వు చెప్పు, నేను చూస్తా" అంది.

పని చేసే చోటు

వంటింటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టుకోండి. వేపచెట్టు కింద అయితే మరీ మంచిది. పెట్రోలు ఆవిరి కంటికి కనిపించదు. నేల మీద పాకుతూ పోతుంది. దూరంగా ఉన్న పొయ్యిని కూడా అందుకుంటుంది. కాబట్టి దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు.

పెట్రోలును, కిరోసిన్‌ను మంచినీళ్ళ సీసాలో పోయకండి. పిల్లలు నీళ్ళనుకుని తాగుతారు. పెట్రోలును నోటితో పీల్చి తీయకండి.

చీర కొంగు నడుముకు దోపుకోండి. జడ ముడి వేసుకోండి. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. నాలుగైదు పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, పాత పళ్ళ బ్రష్షు, ఉప్పుకాగితం, పాత గుడ్డలు చాలు.

విప్పేటప్పుడే రాసుకోవాలి

ఇది అన్నిటి కంటే ముఖ్యం.

నాకు పదిహేనేళ్ళప్పుడు నాన్న లేని సమయంలో ఒక కార్బొరేటర్ విప్పాను. శుభ్రంగా కడిగాను. తిరిగి ఎక్కించాను. చూస్తే పళ్ళెంలో ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయింది! అది ఎక్కడిదో తెలియలేదు. సాయంత్రం నాన్న మళ్ళీ మొత్తం విప్పాడు. "విప్పడం గొప్ప కాదమ్మా. తిరిగి ఎక్కించడం గొప్ప" అన్నాడు.

అందుకే ఒక్కసారి ఒక్క భాగమే విప్పండి. దాని బోల్టులు, వాషర్లు ఒక డబ్బాలో వేయండి. డబ్బా మీద చీటీ అంటించండి. 'ప్లగ్గు', 'చైను', 'వెనక బ్రేకు' అని రాయండి. విప్పిన వరుస నోటు పుస్తకంలో 1, 2, 3 అని రాయండి. ఎక్కించేటప్పుడు 3, 2, 1 అని వెనక నుంచి రండి.

మా పనిలో చీటీలన్నీ అత్తే రాసింది. మొదటి రోజు 'బోల్టు' రాయడానికి ఎంతో సేపు పట్టింది. మూడో ఆదివారానికి నేను చెప్పక ముందే రాసి పెట్టేది.

తుప్పు పట్టిన బోల్టును సుత్తితో కొట్టకండి. నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. మామూలు బోల్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. దానికి ఎదురు తిప్పితే వదులవుతుంది.

బండి కూడా పొయ్యి లాంటిదే

ఇంజను అంటే భయం వద్దు. మనకు పొయ్యి తెలుసు కదా! పొయ్యి మండాలంటే నాలుగు కావాలి. కట్టె కావాలి. గాలి కావాలి. నిప్పు కావాలి. పొగ పోయే దారి కావాలి.

ఇంజనుకూ అవే కావాలి. కట్టెకు బదులు పెట్రోలు. అగ్గిపుల్లకు బదులు ప్లగ్గు. ఊదుగొట్టానికి బదులు ఎయిర్ ఫిల్టరు. పొగగూటికి బదులు సైలెన్సరు.

లోపల సైకిలు పంపులో లాగ ఒక ముద్ద పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని పిస్టన్ అంటారు. పెట్రోలు, గాలి కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ వాటిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పు వేస్తుంది. ఆ మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుతోనే చక్రం తిరుగుతుంది.

పొయ్యి మండకపోతే మనం ఏం చేస్తాం? కట్టె తడిగా ఉందా, బూడిద నిండిందా అని ఒక్కొక్కటే చూస్తాం. బండికీ అంతే.

ఇంజను కదులుతోందా?

ఏళ్ళ తరబడి ఆగిన బండికి పిస్టన్ బిగుసుకుపోయి ఉండవచ్చు. గట్టిగా కిక్కు కొట్టకండి. ప్లగ్గు విప్పండి. ఆ రంధ్రంలో ఒక చిన్న చెంచా టూ స్ట్రోక్ నూనె పోయండి. ఒక రాత్రి ఆగండి. మర్నాడు కిక్కును గాని, పెడలును గాని మెల్లగా నొక్కండి. కదిలితే మంచిదే. మూడు రోజులు నూనె పోసినా కదలకపోతే, అది మెకానిక్ పని.

నిప్పు ఉందా?

ప్లగ్గు మొన చూడండి. గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే నూనె ఎక్కువైంది, లేదా గాలి తగ్గింది. తెల్లగా ఉంటే ఇంజను మరీ వేడెక్కింది. పెట్రోలో, నూనో సరిగా అందడం లేదు.

బ్రష్షుతో, ఉప్పుకాగితంతో మొన శుభ్రం చేయండి. రెండు మొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఇనుము కోసే రంపపు బ్లేడు మందం దాదాపు అంతే. బ్లేడు ఆ సందులో దూరి ఆడాలి.

ఇప్పుడు పరీక్ష. పెట్రోలు దూరంగా పెట్టండి. ట్యాంకు మూత బిగించండి. ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ కప్పండి. ప్లగ్గుకు వైరు క్యాపు తగిలించండి. ప్లగ్గు ఇనుప ఒళ్ళు ఇంజనుకు ఆనేలా, రంధ్రానికి దూరంగా పెట్టండి. రబ్బరు క్యాపునే పట్టుకోండి, ఇనుమును తాకకండి. తాకితే షాక్ కొడుతుంది. కిక్కు కొట్టండి. నీలం రంగు మెరుపు 'టక్' మంటూ కనిపించాలి. కనిపించకపోతే కొత్త ప్లగ్గు పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే కాయిల్ సంగతి మెకానిక్‌ను అడగండి.

ప్లగ్గు తిరిగి ఎక్కించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. వంకరగా పానాతో బిగిస్తే లోపలి మరలు పాడవుతాయి. ఆ ఖర్చు పెద్దది.

పెట్రోలు వస్తోందా?

ఏళ్ళ నాటి పెట్రోలు పనికిరాదు. రంగు మారి, వార్నిష్ వాసన వస్తుంది. మొత్తం తీసేయండి. కాలువలో పారబోయకండి. దగ్గరలోని మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి.

ట్యాంకు లోపల తుప్పు ఉంటే దాన్ని బండి నుంచి విప్పండి. ట్యాంకు కింద ఉండే కుళాయిని కూడా తీసి, ఆ రంధ్రం మూయండి. ఇత్తడి బిందెను దేనితో తోముతాం? చింతపండుతో. చింతపండు పులుపు తుప్పును కూడా కరిగిస్తుంది. చిక్కటి చింతపండు రసం వడగట్టి ట్యాంకు నిండా పోయండి. ఒక రోజు ఉంచండి. పారబోసి, 20 చిన్న నట్లు, కొంచెం నీళ్ళు వేసి బాగా ఊపండి. లెక్క మరవకండి. 20 నట్లు వేస్తే 20 బయటికి రావాలి. తర్వాత సోడా ఉప్పు కలిపిన నీళ్ళతో కడగండి. మంచినీళ్ళతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఆరగానే కొంచెం నూనె కలిపిన పెట్రోలు పోసి అంతా తిప్పండి. లేకపోతే మళ్ళీ తుప్పు వస్తుంది.

ట్యాంకు కారుతుంటే ఇంట్లో వెల్డింగు చేయించకండి. ఖాళీ ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది. అది పేలుతుంది.

రబ్బరు పైపు మార్చేయండి. ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరును త్వరగా పాడు చేస్తుంది. గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. అందుకే బండిలో పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచకూడదు.

తర్వాత కార్బొరేటర్. పెట్రోలు, గాలి ఇక్కడ కలుస్తాయి. కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. లోపల 'జెట్టు' అనే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని రంధ్రం వెంట్రుక సందంత సన్నం. పాత పెట్రోలు ఎండి అక్కడే అడ్డుపడుతుంది. శుభ్రమైన పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టండి. సూది గాని, తీగ గాని గుచ్చకండి. రంధ్రం కొంచెం పెద్దదైనా పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

గాలి ఆడుతోందా?

ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరవండి. అత్త బండిలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది! స్పాంజి ఫిల్టరు అయితే కిరోసిన్‌లో, తర్వాత సబ్బునీళ్ళలో కడగండి. ఆరబెట్టి, రెండు చుక్కల నూనె వేసి పిండి పెట్టండి. ముక్కలుగా రాలిపోతుంటే కొత్తది కొనండి.

పొగ పోతోందా?

నూనె కాలే బండి కాబట్టి సైలెన్సరులో మసి పేరుకుంటుంది. పొగ పోకపోతే బండి లాగదు. సైలెన్సరు విప్పి, మూతి దగ్గర మసి గీకండి. ఇంజను వైపు రంధ్రంలో గీకేటప్పుడు కర్రపుల్లే వాడండి. ఇనుము వాడితే పిస్టన్‌కు గీతలు పడతాయి.

నూనె కొలత

ఎంత నూనె కలపాలో ట్యాంకు దగ్గరి చీటీ మీద గాని, బండి పుస్తకంలో గాని ఉంటుంది. 2 శాతం అని ఉంటే లెక్క ఇలా:

1 లీటరు పెట్రోలు - 20 మిల్లీలీటర్ల నూనె
2 లీటర్లు - 40 మిల్లీలీటర్లు
3 లీటర్లు - 60 మిల్లీలీటర్లు

కొన్ని మరీ పాత బండ్లకు 4 శాతం కావాలి. అప్పుడు లీటరుకు 40 మిల్లీలీటర్లు. మీ బండికి ఏది రాసి ఉంటే అదే పాటించండి. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. మందు సీసా మూతతో కొలవచ్చు. ఆ మూత మీద గీతలు, అంకెలు ఉంటాయి.

నడవడం కంటే ఆగడం ముఖ్యం

ఇంజను మోగగానే ఎక్కి పోవాలనిపిస్తుంది. ఆగండి! బ్రేకులు చూడందే ఎక్కకండి.

చక్రం విప్పితే లోపల రెండు బ్రేకు షూలు కనిపిస్తాయి. వాటి మీది పట్టీ రూపాయి బిళ్ళంత పలచబడితే మార్చాల్సిందే. లోపలి దుమ్మును నోటితో ఊదకండి. పాత పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పారేయండి. షూల మీద నూనె, గ్రీజు పడకూడదు. బ్రేకు తీగలో ఒక్క పోగు తెగినా కొత్తది వేయండి.

చైనును కిరోసిన్‌తో కడిగి, ఆరాక నూనె వేయండి. మధ్యలో వేలితో ఎత్తితే సుమారు 2 సెంటీమీటర్లు ఆడాలి. ఇంజను నడుస్తుండగా చైను దగ్గర చెయ్యి పెట్టకండి. వేళ్ళు తెగుతాయి.

టైరు పక్కన పగుళ్ళు ఉంటే మార్చండి. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. '2316' అని ఉందనుకోండి. అంటే 2016లో 23వ వారంలో తయారైంది. కొత్త టైరు కొనేటప్పుడు ఈ అంకెలు చదవండి. పాత సరుకు ఇస్తే మీరే చెప్పగలరు.

వెనక చక్రానికి చీర అడ్డు తప్పకుండా వేయించండి.

ఏ బండిని వదిలేయాలి?

ప్రతి బండీ బాగుకాదు. ఛాసిస్ విరిగితే, ఇంజను నంబరు కలవకపోతే ఆశ వదులుకోండి. మిగతా వాటికి లెక్క రాయండి. ఒక పక్క సామాను ఖర్చు, మెకానిక్ కూలి, కాగితాల ఖర్చు. ఇంకో పక్క నెలకు ఆటో ఖర్చు. ఆటో డబ్బులతో ఎన్ని నెలల్లో తీరుతుందో భాగించి చూడండి. అత్త లెక్కలో తొమ్మిది నెలలు వచ్చింది. "అయితే ఇనుముకు వేసేది లేదు" అంది.

నాలుగో ఆదివారం

నాలుగో ఆదివారం సాయంత్రం వేపచెట్టు కింద కిక్కు కొట్టాం. పదిసార్లు ఏమీ లేదు. అత్త నోటు పుస్తకం తెరిచింది. వేలు పెట్టి వరుస చదివింది. "పెట్రోలు కుళాయి తిప్పావా?" అంది. నేనే మరిచిపోయాను! తిప్పాక మూడో కిక్కుకు మోగింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

ఆర్.టి.ఎ. ఆఫీసుకు రెండుసార్లు తిరిగాం. పేరు మారింది. కాగితం మీద అత్త వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది.

ఇప్పుడు అత్త చేతిలో ఎల్.ఎల్.ఆర్. ఉంది. చెరువుగట్టు పక్క మైదానంలో నేర్చుకుంటోంది. నేను వెనక కూర్చుంటున్నాను. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. కొందరు నవ్వుతున్నారు. నవ్వనీ. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు వేలమంది సైకిలు కూడా నేర్చుకున్నారు. వాళ్ళను చూసి కూడా మొదట నవ్వారు.

గుర్తుంచుకుందాం

1. ముందు కాగితాలు, తర్వాత పానాలు.
2. విప్పేటప్పుడే రాసుకోవాలి.
3. పెట్రోలు, గాలి, నిప్పు, పొగ దారి: నాలుగూ వరుసగా చూడాలి.
4. బ్రేకులు చూడందే బండి ఎక్కకూడదు.
5. ఇంజనును ఆరుబయటే నడపాలి. మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది.

మీరు చేసి చూడండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి ఆర్.సి. తీసుకోండి. ఎవరి పేరు ఉంది? ఏ సంవత్సరం దాకా చెల్లుతుంది? నోటు పుస్తకంలో రాయండి. 5 లీటర్ల పెట్రోలుకు 2 శాతం చొప్పున నూనె ఎంత కలపాలి? లెక్క కట్టండి.